హల్లాకి వండిపెట్టిన ఆరు నెలలు

మార్చి రెండో వారంలో, మెట్ల మీద మంచు ఇంకా గట్టిగా ఉండగానే, మా తమ్ముడు ఓయివా తన వేటకుక్కను చేతుల మీద ఎత్తుకుని నా వంటింట్లోకి వచ్చాడు. హల్లాను ఎవరూ ఎత్తుకోరు. నాలుగేళ్లలో అది ఏ మనిషి చేతుల్లోనూ ఒక నిమిషం నిలవడం నేను చూడలేదు. ఆ రోజు మాత్రం తడిసిన కోటులా వాడి మోచేతి మీద వేలాడుతోంది. వీపు మీదికి చుట్ట తిరిగి ఉండాల్సిన తోక విప్పుకుపోయి కిందికి జారింది. నక్కరంగు బొచ్చు పొడిబారి, పొయ్యి పక్కన మరిచిపోయిన చీపురులా ఉంది.

వాడు దాన్ని నేల మీద దించాడు. అది నిలబడింది కానీ ఎటూ కదల్లేదు.

"ఎంత తూగుతోంది?" అన్నాను.

"ఆరు కిలోల రెండొందలు. అక్టోబర్లో తొమ్మిది ఉండేది."

"ఏం తింటోంది?"

"ఏం తింటుంది, నా తలకాయ. తిన్నా నిలవదు, ఇటు నుంచి అటే. సంచుల్లో వచ్చే పొడి తిండి నాలుగు రకాలు మార్చాను. పశువుల డాక్టరమ్మ రక్తం తీసింది, పురుగుల మందిచ్చింది. పెద్ద జబ్బేం లేదంటుంది. కడుపుకి ఏదో పడట్లేదంటుంది. ఏది పడట్లేదో మాత్రం చెప్పదు."

కాఫీ పోసిచ్చాను. వాడు కప్పు పట్టుకుని, కిటికీలోంచి గడ్డకట్టిన నదిని చూస్తూ, రేపటి చలి గురించి చెబుతున్నట్టే చెప్పాడు: "సెప్టెంబర్ పదికి అడవిలోకి దిగలేకపోతే సౌనా వెనక్కి తీసుకెళ్తానక్కా. ఇట్లా ఈడుస్తూ బతకడం దానికీ బాగోదు."

మా వైపు ఈ మాటకు ఒకటే అర్థం. సౌనా, అంటే పెరట్లో ఆవిరిస్నానాల గది, దాని వెనక్కి ఇద్దరు వెళ్తారు, మనిషీ కుక్కా. తిరిగొచ్చేది మనిషొక్కడే, భుజాన తుపాకీతో. పిట్టల వేట మొదలయ్యేది సెప్టెంబర్ పదో తేదీన. ఓయివా కఠినుడు కాడు. మాట చివర్లో వాడి గొంతు సన్నబడడం నేను విన్నాను. ఎప్పటికైనా చేయాల్సిన పనికి తేదీ పెట్టుకుంటే భయం తగ్గుతుందని కొందరికి ఉంటుంది. వాడు చిన్నప్పుడు పంటి డాక్టరు దగ్గరికి కూడా అలాగే వెళ్లేవాడు.

"ఇక్కడ వదిలెయ్," అన్నాను. "సెప్టెంబర్ దాకా. నేను తప్ప ఎవరూ దానికి ముద్ద కూడా పెట్టకూడదు. నువ్వు కూడా."

"నువ్వా? నీకు కుక్కలంటేనే పడదు కదా!"

"పడదు. కానీ తిననివాళ్లు నాకు బాగా తెలుసు."

నేను ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా మానసిక చికిత్సాలయం వంటశాలలో పనిచేశాను. చివరి పంతొమ్మిదేళ్లు పథ్యం వంటల బల్ల నాది. అందరికీ వండేది వేరే వాళ్లు. తిననని భీష్మించుకున్న వాళ్లకి, తింటే చస్తామనుకునే వాళ్లకి, ముద్ద నోట్లో పెట్టుకుని సాయంత్రం దాకా మింగకుండా కూర్చునే వాళ్లకి నేను వండేదాన్ని. ప్లేట్లు పైఅంతస్తుకు లిఫ్టులో వెళ్లేవి, లిఫ్టులోనే తిరిగొచ్చేవి. తిన్నవాళ్ల మొహాలు నేను చూసేదాన్ని కాదు. తిరిగొచ్చిన ప్లేటును చూసి మనిషిని ఊహించుకునేదాన్ని. బంగాళదుంపను ముక్కలు చేసి ప్లేటు అంచున గోడలా పేర్చిన ఒకామె ఉండేది. ఆమెను నేను పదకొండేళ్లు పోషించాను. ఆమె పేరు నాకు తెలియదు, వండేది ఎవరో ఆమెకూ తెలియదు.

ఆసుపత్రి మూతపడ్డాక నదిగట్టున ఈ ఇల్లు కొనుక్కున్నాను. ఒంటరితనం నన్ను బాధపెట్టలేదు. ఒంటరిగా ఉన్నవాళ్లంతా ఎవరి కోసమో ఎదురుచూస్తారని జనం అనుకుంటారు. నేను ఎదురుచూసింది మనిషి కోసం కాదు, ఖాళీ ప్లేటు కోసం. నా చేత్తో వండింది తిని ఒక ప్రాణి నా కళ్ల ముందు బాగుపడడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఈ సంగతి నాకు తెలిసింది ఓయివా కారు మలుపు తిరిగాక, వంటింట్లో నేనూ ఆ కుక్కా మిగిలాక.

మొదటి రోజు దుప్పి ఎముకలను నాలుగు గంటలు మరిగించి, ఎముకలు తీసేసి, ఆ నీళ్లలో బార్లీని మెత్తగా ఉడికించాను. చేయి అలవాటుగా ఉల్లిపాయ మీదికి వెళ్లింది. ఉల్లి కుక్కకు విషమని డాక్టరమ్మ కాగితంలో రాసిచ్చింది. ఉప్పూ వద్దంది. ముప్పై ఏళ్లు నేను ఏ వంటనైనా మొదలుపెట్టింది ఆ రెండింటితోనే. చేతికి కొత్తగా పని నేర్పుతున్నట్టనిపించింది. గంజిలో దుప్పి గుండెను సన్నగా తరిగి కలిపాను. ఉడికిన క్యారెట్ మెదిపి, అరచెంచా నూనె, గుడ్డు పెంకు పొడి చిటికెడు వేశాను.

గిన్నె పెట్టి పక్కన నిలబడ్డాను. హల్లా గిన్నెను చూడలేదు, నన్ను చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది, పైఅంతస్తు నర్సులకు నేనే చెప్పిన మాట. తినని మనిషి ముందు నిలబడి చూడకూడదు. చూపు కూడా ఒక బరువే. నేను కుర్చీని గోడ వైపు తిప్పుకుని, కుక్కకు వీపు పెట్టి, అదే గంజి నా ప్లేటులోనూ వడ్డించుకుని తినడం మొదలుపెట్టాను. ఉప్పు లేని దుప్పి గంజి. బాగాలేదు, కానీ చెడ్డగానూ లేదు. నా చెంచా చప్పుడు తప్ప ఇంకేం లేదు. చాలాసేపటికి వెనక నాలుక చప్పుడు వినిపించింది. నేను తల తిప్పలేదు. మెడ నొప్పెట్టేదాకా గోడ మీది క్యాలెండర్‌ను చదువుతూ కూర్చున్నాను.

ఏప్రిల్ నెలంతా మేమిద్దరం ఒకే తిండి తిన్నాం. రోజుకు నాలుగుసార్లు, కొంచెం కొంచెం. ఏది పెట్టానో, ఎంత మిగిలిందో, కడుపు ఎలా ఉందో ఒక నోటు పుస్తకంలో రాశాను. వరసగా ఆరు రోజులు విరేచనం గట్టిగా ఉన్నప్పుడు ఆ పేజీ కింద గీత గీశాను. చదువుకున్న మనిషి అలాంటిదానికి పొంగిపోతే నవ్వొస్తుంది. నాకు నవ్వు రాలేదు. మే మొదటివారం తక్కెడ మీద హల్లా ఏడు కిలోల తొమ్మిదొందలు తూగింది. కొత్త బొచ్చు భుజాల దగ్గర మొదలై, రాగి గిన్నె తోమినట్టు మెరుస్తూ కిందికి దిగింది. తోక చుట్ట తిరిగింది.

అంగడికి దాన్ని కావాలనే వెంట తీసుకెళ్లేదాన్ని. డబ్బు కట్టే చోట వరసలో జనం వంగి చూసేవారు.

"ఇది ఓయివా కుక్కేనా? చచ్చిపోతోందన్నారే!"

"చచ్చిపోతూ ఉండేది. ఇప్పుడు మానుకుంది," అనేదాన్ని.

ఇంటికొచ్చే దారిలో నా నడకలో తేడాను నేనే గమనించాను. మడమలు గట్టిగా పడుతున్నాయి. నాకు యాభై తొమ్మిదేళ్లు. గర్వం అనేదాన్ని ఇన్నేళ్లు ఇతరులలో మాత్రమే పరిశీలించాను, అదొక దద్దురులాంటిదని అనుకున్నాను. ఇది అలా లేదు. కడుపులో వేడి గంజి పడ్డట్టుంది.

నది మంచు విరిగాక నోర్సి చేపలు సముద్రం నుంచి గుంపులుగా ఎదురెక్కాయి. వేలెడంత పొడుగు, అద్దంలాంటి ఒళ్లు, తాజాగా ఉంటే అచ్చం దోసకాయ వాసన. మూడిళ్ల అవతల ఉండే కలెర్వో బాబాయ్ నిలువు వల వేసి పట్టి, ఒకటీ రెండూ కాదు, ఐదు బకెట్లు తెచ్చి నా మెట్ల మీద పెట్టాడు.

"మనుషులెవరూ తినడం లేదమ్మా ఈ కాలంలో. నీ దొరసానికి పెట్టు."

"దొరసాని కాదు, నా పథ్యం రోగి."

"రోగా అది? నిన్న నా పిల్లిని చెట్టెక్కించింది. పిచ్చాసుపత్రి వంట దాని తలకెక్కినట్టుంది."

ఆయన నవ్వుకుంటూ వెళ్లాడు. నేను బకెట్ ముందు కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం ఏం ఆలోచించానో ఇప్పటికీ స్పష్టంగా చెప్పగలను, ఎందుకంటే ఆ తర్వాత దాన్ని చాలాసార్లు తిరగేసి చూసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు నా బల్ల మీదికి వచ్చిన ప్రతిదాన్నీ మెత్తబడేదాకా ఉడికించాను. కత్తి ఇవ్వకూడని మనుషులకు చెంచాతో తెగే తిండి కావాలి. చేపను ఉడికించాను, ఆపిల్‌ను ఉడికించాను, దోసకాయను కూడా ఒకసారి ఉడికించాను. ఈ చేపలు కదులుతున్నట్టే మెరుస్తున్నాయి. వీటిని కూడా మరిగే నీళ్లలో వేసి బూడిదరంగు ముద్ద చేయనా? ఒక చేపను తోకతో పట్టుకుని హల్లాకి చూపించాను. అది గాలిలోనే అందుకుని, కరకరమని రెండు కొరుకుల్లో మింగి, ఇంకోదాని కోసం నా చేతిని చూసింది. చేతినే చూసింది, సూటిగా. దాని కళ్లలో అంత ఆశ అంతకుముందెప్పుడూ లేదు.

మిగిలినవి డీప్ ఫ్రీజర్లో నింపాను. మే అంతా, జూన్ మూడో వారం దాకా, పొద్దున గంజి తగ్గించి పచ్చి నోర్సి పెంచాను. గంజి తిననంటే పట్టుబట్టలేదు. చూడు, ఎలా కోరుకుని తింటోందో, అనుకున్నాను. తాను కోరినదే తనకు మంచిదని నమ్మిన రోగులను ఎంతమందిని చూశాను! ఆ పాఠం నా వంటింటి గడప దాటి లోపలికి రాలేదు.

జూన్ పదో తేదీ ప్రాంతంలో హల్లా మెట్టు దిగుతూ తడబడింది. మెట్టు తడిగా ఉంది అనుకున్నాను. రెండు రోజుల తర్వాత, చుట్టూ తిరిగి పడుకునేటప్పుడు ఒక వైపుకే తిరిగింది, ఎక్కువసేపు తిరిగింది. నోటు పుస్తకంలో "ఎండ" అని రాశాను. ఆ పేజీ ఇప్పుడు తీసి చూస్తే, ఆ మాట మిగతా అక్షరాల కంటే పెద్దగా, నొక్కి రాసి ఉంది. అబద్ధం రాసేటప్పుడు చేయి బరువెక్కుతుందని నేను ఇతరుల రాతలలో గమనించినదాన్నే. మర్నాడు అది చేపను కూడా ముట్టలేదు. "అజీర్తి" అని రాశాను. అంగడికి తీసుకెళ్లడం మానేశాను. ఎందుకు మానేశానో ఆలోచించకుండా ఉండడానికి ఆ వారం కిటికీలన్నీ కడిగాను.

మధ్యవేసవి పండగ ముందురోజు మధ్యాహ్నం. గుమ్మానికి రెండు వైపులా భూర్జ చెట్టు కొమ్మలు నిలబెట్టి లోపలికి వచ్చేసరికి, హల్లా వంటింటి నేల మీద పక్కకు ఒరిగి ఉంది. లేవబోయింది. వెనక కాళ్లు రెండూ వేరెవరివో అన్నట్టు జారిపోయాయి. తల సన్నగా వణుకుతోంది. నేను దాని పక్కన కూర్చుని, చేయి వేయడానికి భయపడ్డాను.

అదే సమయానికి కలెర్వో బాబాయ్, పండక్కి తవ్విన కొత్త బంగాళదుంపలు గుడ్డలో కట్టుకుని, తలుపు తట్టకుండా లోపలికి వచ్చాడు. కుక్కను చూసి దుంపలు బల్ల మీద పెట్టడం కూడా మరిచిపోయాడు.

"ఇట్లా ఎన్నాళ్ల నుంచి?"

"ఇవాళే."

ఆయన నన్ను చూశాడు.

"పది రోజుల నుంచి," అన్నాను.

"పద్దెనిమిదేళ్లప్పుడు, బొచ్చు కోసం పెంచే నక్కల ఫారంలో పనిచేశాను నేను. ఒక వసంతంలో నక్కలు ఇట్లాగే పడ్డాయి, వరసకు వరస. తలలు ఇట్లాగే ఊగేవి." ఆయన వంగి హల్లా కనురెప్ప ఎత్తి చూశాడు. "ఏం పెడుతున్నావమ్మా?"

"మీరిచ్చిన నోర్సి."

"ఉడకబెట్టే కదా?"

నేను దాని గిన్నెను దగ్గరికి లాక్కున్నాను.

"ఉడకబెట్టే పెడుతున్నావు కదా సైమీ?"

"పచ్చివే. మే నెల నుంచి."

ఆయన మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. సిగ్గు కనిపించింది. "నేను చెప్పాల్సింది. నక్కలవాళ్లందరికీ తెలుసు, పచ్చి నోర్సి ఎక్కువ పెడితే కాళ్లు పడిపోతాయని. కానీ నువ్వు... వంటచేసే మనిషివి కదమ్మా. నీకు ఉడకబెట్టమని చెప్పాలా అనుకున్నాను."

పండగ కాబట్టి ఊళ్లో పశువుల ఆసుపత్రి మూసి ఉంది. మార్చిలో హల్లాను చూసిన డాక్టరమ్మ లిండ్రూస్ ఆ రోజు డ్యూటీలో అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓయివా అప్పటికే పడవ దగ్గర స్నేహితులతో రెండో సీసాలో ఉండి ఉంటాడు. కలెర్వో బాబాయ్ వ్యాను తీశాడు. హల్లాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడవునా ఎదురుగా కార్లు, వాటి పైన కట్టిన పడవలు, కిటికీల్లో పిల్లలు. నా చేతి కింద దాని పక్కటెముకల మీద మూడు నెలల్లో నేను పెంచిన కండ ఉంది. గట్టిగా ఉంది. ఆ స్థితిలో కూడా ఆ కండ తగిలినప్పుడు నాలో గర్వం కదిలింది. అదే చేతుల మీద అసహ్యం కూడా అప్పుడే కదిలింది. ఒకటి ఇంకోదాన్ని ఆపలేదు.

లిండ్రూస్ డాక్టరమ్మకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. విని, కాళ్లు చూసి, వెంటనే సూదిమందు వేసింది.

"ఆ చేపల్లో ఒక పదార్థం ఉంటుందండీ. బి-వన్ విటమిన్‌ని తినేస్తుంది. పది నిమిషాలు ఉడికిస్తే ఆ పదార్థం చచ్చిపోతుంది. అంతే తేడా."

"అంతేనా," అన్నాను.

"అంతే. రోజూ సూది వేయాలి, వారం దాకా. తల వణుకు తగ్గిపోతుంది. వెనక కాళ్లు మాత్రం... అడవిలో పరిగెత్తేంతగా వస్తాయో లేదో ఇప్పుడు చెప్పలేను." ఆమె గొంతు తగ్గించింది. "ఒంట్లో కండ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మార్చిలో చూసిన కుక్కేనా ఇది? ఏం పెట్టారు?"

చెప్పాను. దుప్పి గుండె, బార్లీ, క్యారెట్, గుడ్డు పెంకు. ఆమె తల ఊపుతూ రాసుకుంది. ఆ తర్వాత ఇలా అంది: "మీ తమ్ముడికి ఏదో వైరస్ అని చెప్పినా సరిపోతుందండీ. నేనైతే ఏమీ అనను."

ఆమె దయతోనే అంది. తిరుగు ప్రయాణంలో ఆ మాటను నాలుక కింద పెట్టుకుని కూర్చున్నాను, ఆసుపత్రిలో ముద్ద మింగని వాళ్లలా. వైరస్. ఎంత శుభ్రమైన మాట. దాన్ని చెబితే నా పేరు నిలబడుతుంది. మార్చి నుంచి మే దాకా నేను చేసింది నాకే ఉంటుంది. కానీ అలా దాచుకున్నది గర్వంగా ఎంతకాలం ఉంటుంది? దాని పక్కన ఎప్పుడూ ఒక కాపలా ఉండాలి. కాపలా కాస్తూ బతికే మనుషులకు నేను పంతొమ్మిదేళ్లు వండిపెట్టాను.

పండగ మర్నాడు ఓయివాకి ఫోన్ చేశాను. వాడు తలనొప్పితో, ఎర్రబడిన కళ్లతో వచ్చి, వంటింటి గడపలోనే ఆగిపోయాడు. హల్లా వాడిని చూసి ముందు కాళ్లతో ఈదినట్టు రెండు అడుగులు పాకింది.

"ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనే. పచ్చి చేపలు పెట్టాను, ఆరు వారాలు."

"వంటలక్క వండడం మర్చిపోయిందా!"

"మర్చిపోలేదు. కావాలనే వండలేదు. పచ్చివి తింటుంటే చూడ్డానికి బాగుందని."

వాడు తలుపు చెక్క మీద వేలితో గీకుతూ అడిగాడు: "ఇప్పుడే తీసుకెళ్లనా?"

ఎక్కడికో వాడు చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

"సెప్టెంబర్ పది అన్నావు," అన్నాను. "ఇవాళ జూన్. నీ తేదీ నువ్వు మార్చుకోకు, నా పని నేను మార్చుకోను."

"నీకు ఇంకా మొహం ఉందా అక్కా, ఇంత చేసి?"

"ఉంది," అన్నాను. "దాన్ని ఆరు కిలోల నుంచి ఎనిమిదిన్నరకు తెచ్చింది ఈ మొహమే. కాళ్లు పడగొట్టిందీ ఇదే. రెండూ నావే. దేన్నీ వదులుకోను."

ఈ మాటలు నా నోటి నుంచి వస్తాయని నాకు తెలియదు. వాడు నన్ను కొత్తగా చూశాడు. మా అమ్మను చూసినట్టు చూశాడనిపించింది, కానీ అది నా ఊహ కావచ్చు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. సూదిమందు డబ్బులు ఎవరు కట్టారని కూడా అడగలేదు.

జూలైలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఫ్రీజర్లో మిగిలిన నోర్సిని కూడా పారేయలేదు. మూత పెట్టి ఇరవై నిమిషాలు మరిగించాను. పది చాలన్నారు, నేను ఇరవై మరిగించాను. చేపలు తెల్లబడి, ముళ్లు మెత్తబడి, వంటిల్లంతా సముద్రం వాసన వేసింది. వాటిని బార్లీలో మెదిపి, పంది మాంసం ముక్కలు, ఓట్స్, కాస్త కాలేయం చేర్చాను. బి-వన్ ఎందులో ఉంటుందో డాక్టరమ్మను అడిగి మరీ చేర్చాను. ఇరవై ఏళ్లు బూడిదరంగు ముద్ద అని తిట్టుకున్నదాన్నే గిన్నెలో చూస్తూ, ఇది నా చేతి వంట అని మొదటిసారి ఇష్టంగా అనుకున్నాను. మెత్తగా ఉడికించడం ఓటమి కాదు. ఆ పైఅంతస్తులో ఎవరో ఒకామె దాని వల్లే బతికి ఉండవచ్చు.

నాలుగో సూదికి తల వణుకు ఆగింది. రెండో వారంలో హల్లా వెనక కాళ్ల మీద నిలబడి, ఒక్క క్షణం ఊగి, నిలదొక్కుకుంది. కలెర్వో బాబాయ్ రోజూ వచ్చి నది ఒడ్డు ఇసుకలో దాన్ని నడిపించేవాడు.

"ఎడమ కాలు ఇంకా తాగుబోతు కాలే," అనేవాడు.

"మీ కాలు చూసి నేర్చుకుంటోంది బాబాయ్."

ఆగస్టులో పీట్ అనే నల్లటి బురద నేలల మీద, నాచులో, అడుగు అడుగుకీ లోతుగా దిగే చోట నేనే దానితో నడిచాను. మొదట కిలోమీటరు, తర్వాత ఐదు. కుక్కలంటే నాకు ఇప్పటికీ పడదు అని చెప్పాలి. ఈ ఒక్క కుక్క ఒంట్లో ఏ కండ ఎప్పుడు పుట్టిందో మాత్రం నాకు తెలుసు. ఒక మనిషికి ఇంకో ప్రాణి గురించి అంత తెలియడం ప్రేమో కాదో తేల్చుకోవాలని అనిపించలేదు. నెలాఖరుకి అది ఎనిమిది కిలోల తొమ్మిదొందలు తూగింది.

సెప్టెంబర్ పదిన తెల్లవారగానే ఓయివా వచ్చాడు. నేను రబ్బరు బూట్లు వేసుకుని ఉండడం చూసి, "నువ్వెక్కడికి?" అన్నాడు. "నువ్వెక్కడికో అక్కడికే," అన్నాను. అడవి దారి చివర వాడు పట్టీ విప్పాడు. హల్లా ముక్కు ఎత్తి గాలిని పట్టుకుని, లింగన్ పళ్ల పొదల మీదుగా ఒక ఎర్రటి గీతలా వెళ్లి, పైన్ చెట్ల మధ్య మాయమైంది.

మేము నిలబడ్డాం. పది నిమిషాలు. ఇరవై. పిట్టవేట కుక్క పక్షిని వెతికి చెట్టెక్కించేదాకా ఒక్క శబ్దం చేయదు. అప్పుడే మొరగాలి, ఆపకుండా, పక్షి దాన్నే చూస్తూ వేటగాణ్ణి మరిచిపోయేలా. అరగంట దాటింది. ఎక్కడో కాళ్లు మళ్లీ జారిపోయి నాచులో పడి ఉందని నా మనసు బొమ్మ గీసింది. దాన్ని చెరిపేశాను. మళ్లీ గీసింది. ఓయివా భుజం మీది తుపాకీ వైపు చూడకుండా ఉండడానికి చెట్టు బెరడు మీది చీమలను చూశాను. వాడూ నన్ను చూడడం లేదు.

నలభై నిమిషాలకు మొరుగు వినిపించింది. చాలా దూరం నుంచి, నది వంపు అవతల గుట్ట మీద నుంచి. మొదట విడివిడిగా, తర్వాత ఒకదాని మీద ఒకటిగా, గంట కొట్టినట్టు.

ఓయివా టోపీ తీసేశాడు, చెవులకు బాగా వినిపించాలని. వెళ్లాల్సినవాడు వెళ్లలేదు.

"పోరా, పక్షి ఎగిరిపోతుంది," అన్నాను.

"ఉండక్కా. మొరగనీ." వాడు వాచీ చూసుకుంటున్నాడు. ఐదు నిమిషాలు. పదమూడు. "ఊపిరి ఎక్కడా తగ్గట్లేదు," అన్నాడు, నాతో కాదు. ఆ తర్వాత మొరుగు ఆగింది. రెక్కల చప్పుడు లీలగా వినిపించింది. పక్షి ఎగిరిపోయింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. వాడు చేయి ఎత్తి నన్ను ఆపాడు. మూడు నిమిషాల తర్వాత ఇంకా దూరం నుంచి మళ్లీ మొదలైంది. అది వెంట పరిగెత్తి, రెండో చెట్టు దగ్గర పట్టుకుంది.

"రెండో చెట్టు! చచ్చేలా ఉన్న కుక్క రెండో చెట్టు పట్టింది!" అన్నాడు ఓయివా. వాడి గొంతు చివర మళ్లీ సన్నబడింది. అప్పుడు వెళ్లాడు, వంగి, అడుగు చప్పుడు లేకుండా.

ఒకే ఒక్క తుపాకీ చప్పుడు విన్నాను. చాలాసేపటికి వాడు గుట్ట దిగి వచ్చాడు, చేతిలో నల్లటి పెద్ద అడవికోడి. ముందు హల్లా, పొట్ట దాకా తడిసి, నాలుక చాపి. అది నా పక్క నుంచే వెళ్లింది, ఆగలేదు. దారి మధ్యలో కూర్చున్న ఓయివా మోకాళ్ల మధ్యకి తల దూర్చింది. నేను పదడుగుల దూరంలో నిలబడి, నా లోపల ఏదైనా నొచ్చుకుందా అని వెతికాను. నొచ్చుకోలేదు. అక్కడ ఉన్నదేదో దాని చూపు కోసం ఎదురుచూడడం లేదు. ఎండలో ఆరేసిన దుప్పటిలా నిండుగా, వెచ్చగా ఉంది.

ఓయివా అరచేతులతో దాని పక్కలు, తొడలు, వెన్ను తడిమి చూశాడు. మళ్లీ మళ్లీ చూశాడు.

"ఇవాళ ఇంటికి తీసుకెళ్తానక్కా," అన్నాడు చివరికి. "ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో ఒక కాగితం మీద రాసివ్వు."

"రాసివ్వను."

"అదేంటి?"

"కాగితం చూసి వండితే నువ్వూ నాలాగే ఎక్కడో ఒక చోట తెలివి చూపిస్తావు. నా వంటింట్లో నిలబడి, నీ చేత్తో వండి నేర్చుకో. చేప దగ్గర్నుంచి మొదలుపెడదాం."

వాడు హల్లా చెవి వెనక గోకాడు.

"ఎన్నింటికి రమ్మంటావ్?"

"సాయంత్రం ఆరింటికి. చేతులు కడుక్కుని రా."